ఫోన్‌కు కేస్ వేస్తాం, ఇంటికి స్మోక్ అలారం ఎందుకు పెట్టం?

కొత్త ఫోన్ కొన్న రోజే టెంపర్డ్ గ్లాస్ వేయిస్తాం, మంచి కేస్ వెతుకుతాం, ఛార్జర్ ఒరిజినలా కాదా అని పది వీడియోలు చూస్తాం. గేటు దగ్గర సీసీ కెమెరా, హాల్లో వైఫై బల్బులు, బెడ్రూమ్‌లో వాయిస్ స్పీకర్ కూడా వచ్చేశాయి. కానీ రాత్రి రెండింటికి ఇంట్లో ఏదైనా అంటుకుంటే మనల్ని నిద్ర లేపే వస్తువు ఒక్కటైనా ఉందా అని చూస్తే, జనగామ నుంచి భూపాలపల్లి దాకా నాకు తెలిసిన ఇళ్లలో దాదాపు ఎక్కడా లేదు.

ఫోన్లు, పవర్ బ్యాంకులు, స్మార్ట్ వాచ్‌ల గురించి రాసే మాలాంటి వాళ్లం కూడా ఈ గాడ్జెట్‌ను పట్టించుకోలేదు. డిస్‌ప్లే లేదు, కెమెరా లేదు, బెంచ్‌మార్క్ స్కోర్ లేదు. తెల్లటి గుండ్రటి డబ్బా, దానికో బటన్, అంతే. అయినా నన్నడిగితే ఈ ఏడాది మీ ఇంటికి కొనాల్సిన మొదటి గాడ్జెట్ ఇదే. ఎందుకు కొనాలో, ఏది కొనాలో, ఎక్కడ బిగించాలో, ఎలా చూసుకోవాలో చెప్తాను. జనగామలో మా ఇల్లు, మహబూబాబాద్ దగ్గర మా చిన్నమ్మ ఇల్లు, భూపాలపల్లిలో మా బావ ఉండే క్వార్టర్, ఈ మూడింట్లో కలిపి అయిదు అలారాలు నేనే బిగించాను. మన ఇళ్లలో ఇవి ఎలా పనిచేస్తాయో అక్కడ చూసిందే రాస్తున్నాను.

మంట కంటే ముందు పొగ

"మాది స్లాబ్ ఇల్లు, సిమెంటు గోడలు, ఏం కాలుతది?" అందరూ అడిగే మొదటి ప్రశ్న ఇది. గోడలు కాలవు, నిజమే. కానీ గోడల మధ్య ఉన్నవన్నీ కాలతాయి. ఒకప్పుడు ఇంట్లో నవారు మంచం, నూలు బొంత, చెక్క బీరువా ఉండేవి. ఇప్పుడు ఫోమ్ పరుపు, రెగ్జిన్ సోఫా, ప్లాస్టిక్ కుర్చీలు, పీవీసీ సీలింగ్, పాలిస్టర్ కర్టెన్లు. ఇవి అంటుకుంటే వేగంగా కాలడమే కాదు, నల్లటి విషపు పొగ వదులుతాయి. అమెరికాలోని నిస్ట్ సంస్థ ఇంటి మంటల మీద ప్రయోగాలు చేసింది. 1970ల్లో మంట మొదలైతే మనిషి బతికే పరిస్థితి పోవడానికి సగటున 17 నిమిషాలు పట్టేదట. 2000ల్లో చేసిన పరీక్షల్లో అది దాదాపు 3 నిమిషాలకు పడిపోయింది. సామాను మారడం కూడా అందుకు ఒక ముఖ్య కారణం.

పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. దానికి వాసన లేదు, రంగు లేదు. నిద్రలో ఉన్న మనిషి పొగ వాసనకు లేస్తాడనుకోవడం భ్రమ. చాలాసార్లు ఇంకా మత్తులోకి వెళ్తాడు.

మన దగ్గర జరిగినవే చూడండి. 2022 సెప్టెంబర్ 12 రాత్రి సికింద్రాబాద్‌లో కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూమ్ అంటుకుంది. పొగ మెట్ల మీదుగా పై అంతస్తుల్లోని లాడ్జి గదుల్లోకి ఎక్కింది, 8 మంది పోయారు. 2023 మార్చి 16న స్వప్నలోక్ కాంప్లెక్స్ ప్రమాదంలో 6 మంది యువతీ యువకులు ఊపిరాడక చనిపోయారు. వాళ్లు మన వరంగల్, మహబూబాబాద్, ఖమ్మం జిల్లాల నుంచి ఉద్యోగం కోసం సిటీకి వెళ్లిన పిల్లలు. 2025 మే 18 తెల్లవారుజామున చార్మినార్ దగ్గర గుల్జార్ హౌజ్‌లో ఒకే ఇంట్లో 17 మంది పోయారు, అందులో 8 మంది పిల్లలు. ఈ మూడింట్లోనూ జనాన్ని ఎక్కువగా తీసుకుపోయింది మంట కాదు, పొగ.

ఒక చిన్న అలారం ఉంటే వీళ్లంతా బతికేవాళ్లని నేను అనను. ఇరుకు మెట్లు, ఒకే దారి, తాళాలు, పాత వైరింగ్, ఇలా కారణాలు చాలా ఉంటాయి. కానీ ఒక్క విషయం గట్టిగా చెప్పొచ్చు. అమెరికా అగ్ని రక్షణ సంఘం ఎన్‌ఎఫ్‌పీఏ లెక్కల ప్రకారం, పనిచేసే స్మోక్ అలారం ఉన్న ఇళ్లలో మంటల వల్ల చనిపోయేవాళ్ల రేటు, లేని ఇళ్లతో పోలిస్తే సగానికి పైగా తక్కువ. ఇక్కడ "పనిచేసే" అనే మాటను గుర్తు పెట్టుకోండి, దాని దగ్గరికి మళ్లీ వస్తాను.

మన ఊళ్లలో రిస్క్ ఎక్కడుంది?

సిటీ కథలు సరే, మన దగ్గర సంగతేంటి? నాకు నాలుగు కనిపిస్తున్నాయి.

ఒకటి, పత్తి. జనగామ, మహబూబాబాద్ వైపు రేటు పెరుగుతుందేమోనని నెలల తరబడి ఇంట్లోనే పత్తి పోసి పెట్టుకోవడం మామూలే. ఒక గది నిండా పత్తి, పక్క గదిలో పిల్లలు పడుకుంటారు. పత్తిలో నిప్పు పడితే వెంటనే భగ్గుమనకపోవచ్చు. లోపల్లోపల గంటలు రగులుతుంది, పొగ వస్తూనే ఉంటుంది. స్మోక్ అలారం బాగా పట్టుకునేది సరిగ్గా ఇలాంటి మంటనే.

రెండు, ఎలక్ట్రిక్ స్కూటర్. 2022 ఏప్రిల్‌లో నిజామాబాద్‌లో రాత్రి ఇంట్లో ఛార్జింగ్ పెట్టిన బ్యాటరీ పేలి 80 ఏళ్ల పెద్దాయన చనిపోయారు. అదే నెలలో విజయవాడలో బెడ్రూమ్‌లో ఛార్జింగ్ పెట్టిన బ్యాటరీ పేలి ఒకరు పోయారు. ఆ తర్వాత కేంద్రం బ్యాటరీ భద్రతా ప్రమాణం ఏఐఎస్ 156ను గట్టి చేసింది. 2022 డిసెంబర్ నుంచి ఒక దశ, 2023 మార్చి 31 నుంచి రెండో దశ అమల్లోకి వచ్చాయి. కొత్త బండ్లు కొంత మెరుగే. కానీ పాత బండ్లు, రిపేరు చేసిన బ్యాటరీలు, లోకల్ ఛార్జర్లు ఇంకా మన హాళ్లలోనే ఉన్నాయి.

మూడు, ఏసీ. ఇప్పుడు చిన్న టౌన్లలో కూడా మే నెలలో తలుపు, కిటికీ బిగించి పడుకుంటున్నాం. "మా ఇంట్లో గాలి బాగా ఆడుతది" అనే మాట ఏసీ ఉన్న గదికి వర్తించదు. పాత వైరింగ్ మీదే ఏసీ, గీజర్, ఇన్వర్టర్ లోడ్ వేస్తున్నాం.

నాలుగు, దూరం. జిల్లా కేంద్రంలో ఉంటే ఫైర్ ఇంజిన్ తొందరగా రావచ్చు. మహబూబాబాద్ తండాలకు, భూపాలపల్లి అడవి పక్క ఊళ్లకు అది చేరేసరికి ఎంత సేపు పడుతుందో మీకే తెలుసు. సాయం దూరంగా ఉన్న చోట ముందుగా తెలియడమే అసలు రక్షణ.

చట్టం మీద ఆధారపడదామంటే, మన రాష్ట్రంలో నివాస భవనం 18 మీటర్ల ఎత్తు దాటితేనే అగ్నిమాపక శాఖ ఎన్‌ఓసీ సంగతి వస్తుంది. మామూలు ఇంటికి స్మోక్ అలారం పెట్టమని అడిగేవాళ్లు లేరు. ఇంగ్లండ్‌లో 2015 అక్టోబర్ 1 నుంచి అద్దె ఇంటి ప్రతి అంతస్తులోనూ ఒక స్మోక్ అలారం ఉండాలని రూలు. మన దగ్గర అడిగేవాళ్లు లేరు కాబట్టి మనమే పెట్టుకోవాలి.

ఏది కొనాలి?

లోపలి టెక్నాలజీ రెండు రకాలు. అయొనైజేషన్ రకంలో అమెరీషియం-241 అనే రేడియోధార్మిక పదార్థం చిటికెడు కంటే తక్కువ ఉంటుంది. భగ్గున మండే మంటను ఇది త్వరగా పడుతుంది, కానీ వంట పొగకు అనవసరంగా ఎక్కువ మోగుతుంది. మన దేశంలో ఇవి అణుశక్తి నియంత్రణ మండలి నియమాల కిందికి వస్తాయి. ఇంటికి ఇవి వద్దు.

ఫొటోఎలక్ట్రిక్ రకం మనకు సరైనది. మీ ఫోన్‌లో చెవి దగ్గర పెడితే స్క్రీన్ ఆపే ప్రాక్సిమిటీ సెన్సార్ ఉంటుంది కదా, ఇదీ దాదాపు ఆ పద్ధతే. చీకటి గదిలాంటి చిన్న చాంబర్‌లో ఒక ఇన్‌ఫ్రారెడ్ ఎల్‌ఈడీ, దానికి ఎదురుగా కాకుండా పక్కకు ఒక లైట్ సెన్సార్ ఉంటాయి. మామూలుగా వెలుతురు సెన్సార్ మీద పడదు. పొగ కణాలు లోపలికి వస్తే వెలుతురు వాటికి తగిలి చెదిరి సెన్సార్‌ను తాకుతుంది, సైరన్ మోగుతుంది. పరుపు, పత్తి, వైరు తొడుగు రగిలేటప్పుడు వచ్చే దట్టమైన పొగను ఇది బాగా పట్టుకుంటుంది.

కొనేముందు ఇవి చూడండి:

- ప్రమాణం: డబ్బా మీద, అలారం వెనుక కూడా ఈఎన్ 14604 లేదా యూఎల్ 217 అని ఉండాలి. ఉత్త సీఈ గుర్తు ఒక్కటే చూసి నమ్మకండి.
- సైరన్: 3 మీటర్ల దూరంలో కనీసం 85 డెసిబెల్స్.
- బ్యాటరీ: పదేళ్ల సీల్డ్ లిథియం అయితే మంచిది. లేదంటే 9 వోల్టుల ఆల్కలైన్ బ్యాటరీ పట్టేది. గోడ గడియారంలో వేసే చవక రకం బ్యాటరీ దీనికి సరిపోదు.
- తయారీ తేదీ: వెనుక ముద్రించి ఉండాలి. తేదీ లేనిది తీసుకోకండి.
- టెస్ట్ బటన్, హష్ బటన్: రెండూ ఉండాలి. హష్ నొక్కితే కొన్ని నిమిషాలు ఊరుకుంటుంది.

ఆన్‌లైన్‌లో రెండు మోసాలు గమనించాను. మొదటిది, "స్మోక్ డిటెక్టర్" పేరుతో 12 లేదా 24 వోల్టుల రకాలు చవకగా కనిపిస్తాయి. అవి ఆఫీసుల్లో, మాల్స్‌లో ఫైర్ ప్యానెల్‌కు కలిపేవి. వాటికి సొంత సైరన్ ఉండదు. ఇంట్లో బిగిస్తే ఎర్ర లైటు వెలుగుతుందేమో కానీ ఎవరినీ లేపదు. మనకు కావాల్సింది "స్టాండలోన్ స్మోక్ అలారం". రెండోది, స్మోక్ డిటెక్టర్ ఆకారంలో ఉన్న స్పై కెమెరాలు. ఫొటో అదే, పని వేరు. వివరాలు పూర్తిగా చదవండి.

ధర సంగతికొస్తే, ప్రమాణాలున్న మామూలు అలారం సుమారు వెయ్యి నుంచి రెండున్నర వేల రూపాయల మధ్య దొరుకుతోంది. పదేళ్లు పనిచేస్తుంది కాబట్టి ఏడాదికి పడేది ఒక నెల రీఛార్జ్ అంత కూడా కాదు.

స్మార్ట్ అలారం అవసరమా?

గాడ్జెట్ సైట్‌లో ఇలా రాయడం వింతగా ఉంటుంది కానీ, మొదటి అలారం స్మార్ట్‌ది కొనకండి. ముందు మామూలుది బిగించండి.

కారణాలు చెప్తాను. మంట కరెంటుతో మొదలైతే ముందు ట్రిప్ అయ్యేది మీ మెయిన్, దాంతో రౌటర్ ఆఫ్. రౌటర్ లేకపోతే యాప్ నోటిఫికేషన్ లేదు. వైఫై రకాలకు బ్యాటరీ కూడా త్వరగా అయిపోతుంది. ఇంకొకటి, కంపెనీ మనసు మార్చుకుంటే మీరేం చేయలేరు. స్మార్ట్ స్మోక్ అలారాల్లో పేరున్న నెస్ట్ ప్రొటెక్ట్ తయారీని ఆపేస్తున్నట్టు 2025 మార్చిలో గూగుల్ ప్రకటించింది.

ఒక్క సందర్భంలో మాత్రం స్మార్ట్‌కు ఓటేస్తాను. మీరు హైదరాబాద్‌లో ఉండి, ఊళ్లో అమ్మానాన్నలు ఒక్కరే ఉంటే, వాళ్ల ఇంట్లో మోగిన సంగతి మీ ఫోన్‌కు రావడం విలువైనదే. పక్కింటి వాళ్లకు వెంటనే ఫోన్ చేయొచ్చు. అలాంటప్పుడు కూడా ఆ అలారానికి సొంత సైరన్ ఉండాలి, రౌటర్ ఇన్వర్టర్ లైన్ మీద ఉండాలి. మీ ఫోన్‌లో ఆ యాప్‌కు బ్యాటరీ ఆప్టిమైజేషన్ ఆఫ్ చేయండి, డూ నాట్ డిస్టర్బ్ నుంచి మినహాయింపు ఇవ్వండి. మన చేతుల్లో ఉన్న చాలా ఫోన్లు బ్యాక్‌గ్రౌండ్ యాప్‌లను నిద్రపుచ్చడంలో దిట్టలు. ఇది చేయకపోతే అలర్ట్ తెల్లారాక వస్తుంది.

స్మార్ట్ కంటే ఎక్కువ పనికొచ్చే ఫీచర్ ఇంటర్‌లింక్. ఒకటి మోగితే వైర్‌లెస్‌గా మిగతావి కూడా మోగుతాయి. రెండంతస్తుల ఇంటికి, పత్తి గది దూరంగా ఉన్న ఇంటికి దీని మీద డబ్బు పెట్టడం న్యాయం.

ఎక్కడ బిగించాలి?

పొగ పైకి పోతుంది కాబట్టి సీలింగ్ మీదే సరైన చోటు. గోడకూ లైటుకూ కనీసం 30 సెంటీమీటర్లు వదలండి. గోడ, స్లాబు కలిసే మూలలో గాలి కదలదు, పొగ అక్కడికి ఆలస్యంగా చేరుతుంది. సీలింగ్ కుదరకపోతే గోడ మీద, స్లాబు నుంచి 15 నుంచి 30 సెంటీమీటర్ల కింద పెట్టొచ్చు.

మన ఇళ్లలో అసలు తలనొప్పి సీలింగ్ ఫ్యాన్. హాలు నడిమధ్యలో ఫ్యాన్ ఉంటుంది, అలారానికి మంచి చోటూ అదే. ఫ్యాన్ రెక్క చివర నుంచి కనీసం 90 సెంటీమీటర్లు జరపండి. ఏసీ గాలి వచ్చే చోటుకూ, బాత్రూమ్ తలుపుకూ అంతే దూరం. పొయ్యికి 3 మీటర్ల దూరం.

ఒక్కటే కొనగలిగితే బెడ్రూమ్ తలుపు బయట, హాలు వైపు పెట్టండి. రెండు కొంటే రెండోది మీ ఇంట్లో ఎక్కువ ప్రమాదం ఉన్న గదిలో, అంటే బండి ఛార్జింగ్ పెట్టే చోటో, పత్తి గదిలోనో. ప్రతి బెడ్రూమ్‌లో ఒకటి, ప్రతి అంతస్తులో ఒకటి ఉంటే అది పూర్తి లెక్క.

జనగామలో మాది స్లాబ్ ఇల్లు. డ్రిల్‌తో రెండు రంధ్రాలు, ప్లగ్గులు, స్క్రూలు, పదిహేను నిమిషాల పని. డబ్బాతో వచ్చే డబుల్ సైడ్ టేప్‌ను నమ్మొద్దు. ఎండాకాలంలో వేడెక్కిన స్లాబుకు టేపు నిలవదు. రేకుల ఇల్లు అయితే ఇంకో జాగ్రత్త. మే నెలలో రేకు కింద వేడి బాగా పెరుగుతుంది, కొన్ని అలారాలకు 40 డిగ్రీల లోపే పనిచేసే పరిమితి రాసి ఉంటుంది. మాన్యువల్ చూసి ఎక్కువ పరిమితి ఉన్నది ఎంచుకోండి, రేకుకు తగలకుండా అడ్డకర్రకు బిగించండి.

మహబూబాబాద్ వైపు చిన్నమ్మది గూనపెంకల ఇల్లు. పొగ పెంకుల సందుల్లోంచి బయటికి పోతుంది కాబట్టి అలారం లాభం లేదనుకుంటారు. దట్టంగా వచ్చే పొగ అంతా అలా పోదు. కప్పు కొన దగ్గర, కానీ మరీ మొనలో కాకుండా కొంచెం కిందికి, దూలానికి బిగించాను. కొన నుంచి 90 సెంటీమీటర్ల లోపు ఉంటే చాలు. పెంకుల నుంచి దుమ్ము, పురుగు రాలుతుంటుంది కాబట్టి శుభ్రం చేసే పని అక్కడ ఎక్కువ.

భూపాలపల్లి క్వార్టర్‌లో బిగించేటప్పుడు మా బావ చెప్పిన మాట నాకు బాగా నచ్చింది. ఆయన సింగరేణి కేటీకే గనిలో పనిచేస్తారు. "గనిల బొగ్గు రగులుకుంటే మంట కనపడక ముందే సీఓ పెరుగుతది బామ్మర్దీ. ముందుగాల గాలి చెప్తది, తర్వాతనే కంటికి కనపడ్తది." అండర్‌గ్రౌండ్‌లోకి దిగేవాళ్లు నడుముకు సెల్ఫ్ రెస్క్యూయర్ కట్టుకుంటారు, పొగా విషవాయువూ వస్తే దాని సాయంతో ఊపిరి పీలుస్తూ బయటపడతారు. డ్యూటీలో గాలిని కొలిచే మనిషి ఇంటికొచ్చి నిద్రపోయేటప్పుడు మాత్రం గాలిని కనిపెట్టేది ఏదీ లేదు. ఆయన వెంటనే ఒప్పుకోవడానికి కారణం అదే.

పోపు పెడితే మోగుతుంది కదా?

మోగుతుంది. వంటింట్లో పెడితే కచ్చితంగా మోగుతుంది. మొదటి వారంలోనే చిన్నమ్మ అంది, "ఏందిరా ఇది, ఎండు మిరపకాయ ఏస్తే చాలు ఇల్లంత మొత్తుకుంటది." ఆమె అలారాన్ని హాల్లోనే పెట్టినా, తలుపు లేని వంటిల్లు కాబట్టి ఘాటు అక్కడిదాకా వచ్చింది. రెండు మీటర్లు అవతలికి, పడకగది వైపు జరిపాక రోజువారీ పోపుకు ఆగిపోయింది. పచ్చడికి మిరపకాయలు వేయించేటప్పుడు మాత్రం హష్ బటన్ నొక్కుతుంది.

వంటింటికి వేరే వస్తువు ఉంది, హీట్ అలారం. ఇది పొగను చూడదు, వేడిని చూస్తుంది. దాదాపు 58 డిగ్రీల దగ్గర మోగుతుంది. పోపుకు, కుక్కర్ ఆవిరికి మోగదు. కానీ పడకగదికి ఇది స్మోక్ అలారం బదులు కాదు, ఆలస్యంగా తెలుస్తుంది.

గ్యాస్ లీక్ డిటెక్టర్ ఇంకో వేరే వస్తువు. వంట గ్యాస్ గాలి కంటే బరువు, కిందికి దిగుతుంది. అందుకే దాన్ని నేలకు దగ్గరగా పెట్టాలి. "మా ఇంట్లో గ్యాస్ డిటెక్టర్ ఉంది, ఇది ఎందుకు" అంటే, అది పొగకు మోగదు, ఇది గ్యాస్‌కు మోగదు.

సాంబ్రాణి, ఊదుబత్తులు, దోమల చక్రం కూడా సరిగ్గా కింద పెడితే మోగిస్తాయి. పూజగది తలుపు ముందు అలారం పెట్టకండి. వానాకాలంలో చిన్న పురుగులు చాంబర్‌లోకి దూరి మోగిస్తుంటాయి, ట్యూబ్ లైటుకు దూరంగా పెడితే ఆ బాధ తగ్గుతుంది.

ఇక్కడే అసలు ప్రమాదం ఉంది. రెండుసార్లు అనవసరంగా మోగితే మనవాళ్లు చేసే మొదటి పని బ్యాటరీ పీకేయడం. పైన "పనిచేసే" అనే మాట గుర్తు పెట్టుకోమన్నాను కదా. అలారం ఉండి కూడా మోగని ఇళ్లలో ఎక్కువ శాతం బ్యాటరీ తీసేసినవో, అయిపోయినవో అని ఎన్‌ఎఫ్‌పీఏ లెక్కలే చెప్తాయి. బ్యాటరీ పీకిన అలారం లేనిదానికంటే అన్యాయం. ఉందన్న ధైర్యంతో పడుకుంటాం. చోటు మార్చండి, రకం మార్చండి, బ్యాటరీ మాత్రం తీయకండి.

మెయింటెనెన్స్: కరెంటు బిల్లు, దసరా, ఉగాది

ఫోన్ అయితే తనే అప్‌డేట్ అడుగుతుంది. ఇది అడగదు. నేను పెట్టుకున్న లెక్క ఇది.

నెలకోసారి, కరెంటు బిల్లు కొట్టే మనిషి వచ్చిన రోజు టెస్ట్ బటన్ నొక్కండి. చేయి అందకపోతే చీపురు కట్టె చాలు. అగ్గిపుల్ల, లైటర్ మంట పెట్టి పరీక్షించొద్దు, ప్లాస్టిక్ కరుగుతుంది. మొదటిసారి రాత్రిపూట బెడ్రూమ్ తలుపులు మూసి, ఫ్యాన్, ఏసీ వేసి, ఒకరు బయట బటన్ నొక్కండి. లోపల వినపడకపోతే ఆ గదికి ఇంకో అలారం కావాలి.

ఏడాదికి రెండుసార్లు, దసరాకు, ఉగాదికి ఇల్లు బూజు దులుపుతాం కదా, అప్పుడే అలారాన్ని కూడా మెత్తటి బ్రష్‌తో లేదా వాక్యూమ్ క్లీనర్‌తో శుభ్రం చేయండి. నీళ్లు, స్ప్రే వద్దు. భూపాలపల్లి లాంటి బొగ్గు దుమ్ము ఊళ్లలో, పెంకుటిళ్లలో రెండు మూడు నెలలకోసారి చేయాలి.

ఇంటికి రంగులు వేసేటప్పుడు విప్పి పక్కన పెట్టండి, పని కాగానే మళ్లీ బిగించండి. దాని మీద రంగు పడితే ఇక పారేయాల్సిందే.

నిమిషానికోసారి "కీచ్" అని చిన్న చప్పుడు వస్తుంటే బ్యాటరీ అయిపోతోందని అర్థం. ఆ రోజే మార్చండి. 9 వోల్టుల బ్యాటరీ అయితే మోగకున్నా ఏడాదికోసారి మార్చేయడం మంచిది.

పదేళ్లకు మొత్తం అలారాన్నే మార్చండి. బటన్ నొక్కితే మోగుతున్నా సరే. లోపలి సెన్సార్ ముసలిదవుతుంది. బిగించిన తేదీ, మార్చాల్సిన సంవత్సరం పక్కన మార్కర్‌తో రాసి పెట్టండి.

ఇంట్లో పెద్దవాళ్లుంటే ఇంకో మాట. మామూలు సైరన్ 3 కిలోహెర్ట్జ్ చుట్టూ సన్నగా ఉంటుంది. వయసుతో పాటు వినికిడి తగ్గేది ముందు ఆ సన్నటి శబ్దాలకే. చిన్నపిల్లలు కూడా దానికి లేవకపోవచ్చు. 520 హెర్ట్జ్ బొంగురు శబ్దం నిద్ర లేపడంలో మెరుగని పరిశోధనలు తేల్చాయి, కానీ ఆ రకాలు మన మార్కెట్లో తేలిగ్గా కనపడవు. అందుకే మోగగానే పెద్దవాళ్లను, పిల్లలను ఎవరు లేపాలో ఇంట్లో ముందే అనుకోండి.

మోగితే ఏం చేయాలి?

అలారం మంట ఆర్పదు, కొన్ని నిమిషాలు ఇస్తుంది. ఆ నిమిషాలను ఫోన్, బంగారం, కాగితాలు వెతకడానికి ఖర్చు పెట్టొద్దు. కింద వంగి బయటికి నడవండి, వెనకాల తలుపులు మూస్తూ రండి. బయటికి వచ్చాకే 101కి లేదా 112కి ఫోన్ చేయండి. మళ్లీ లోపలికి వెళ్లొద్దు.

మన ఇళ్లకు కిటికీలన్నిటికీ ఇనుప ఊచలే, బయటికి దారి ఒక్కటే. ఆ ఒక్క తలుపు దగ్గరే రాత్రి స్కూటర్ ఛార్జింగ్ పెడతాం, లోపల తాళం వేసి తాళంచెవి ఎక్కడో పెడతాం. ఈ రెండు అలవాట్లు మానకపోతే ఎంత మంచి అలారం కొన్నా దండగే. తాళంచెవి తలుపు పక్కన మేకుకు వేలాడాలి. బండి ఛార్జింగ్ వీలైతే బయట షెడ్డులో, మెలకువగా ఉన్నప్పుడే.

అమ్మేవాళ్లకు, కట్టేవాళ్లకు ఒక మాట

ఎలక్ట్రిక్ స్కూటర్ అమ్మేవాళ్లు హెల్మెట్, మ్యాట్, సీట్ కవర్ ఇస్తున్నారు. లక్ష రూపాయల బండితో పాటు ఒక స్మోక్ అలారం కూడా ఇస్తే వాళ్లకు పోయేది పెద్దగా లేదు. బండి కొనేటప్పుడు మనమే అడగాలి, నలుగురు అడిగితే అదే ఆఫర్ అవుతుంది. ఏసీ బిగించే షాపులు, ఇంటి వైరింగ్ చేసే ఎలక్ట్రీషియన్లు కూడా దీన్ని ఒక ఐటమ్‌గా రేటు కార్డులో పెట్టొచ్చు.

ప్రభుత్వం ఇందిరమ్మ ఇళ్ల పథకంలో ఒక్కో ఇంటికి 5 లక్షల రూపాయలు ఇస్తోంది. అందులో ఒక స్మోక్ అలారం ఖర్చు కనిపించనంత చిన్నది. కొత్త ఇంటికి స్విచ్ బోర్డు ఎంత మామూలో, ఇది కూడా అంత మామూలు కావాలంటే మొదలు పెట్టడానికి అంతకంటే మంచి చోటు లేదని నా అభిప్రాయం. సింగరేణి క్వార్టర్లలోనూ అంతే, గని లోపల గాలిని నమ్మకుండా కొలిచే సంస్థకు ఇది కొత్తగా నేర్పాల్సిన పాఠం కాదు.

కొనాలా, వద్దా?

కొనండి. ఫొటోఎలక్ట్రిక్, ఈఎన్ 14604 లేదా యూఎల్ 217, సీల్డ్ బ్యాటరీ, మామూలు స్టాండలోన్ రకం. పడకగది బయట ఒకటి, బండి లేదా పత్తి ఉన్న చోట ఇంకొకటి. టేపు కాదు, స్క్రూలు. నెలకోసారి బటన్.

రివ్యూలో మేం మామూలుగా "రోజువారీ వాడకంలో ఎలా ఉంది" అని రాస్తాం. దీనికి ఆ మాట కుదరదు. మీ అదృష్టం బాగుంటే పదేళ్లలో ఇది ఒక్కసారి కూడా నిజంగా మోగదు. అలా మోగకుండానే పదేళ్ల తేదీ వచ్చి, దాన్ని విప్పేసి కొత్తది బిగించడమే ఈ గాడ్జెట్ విషయంలో మంచి రిజల్ట్.